గొంతులు చాలా వినిపిస్తున్నాయి, మిమ్మల్ని చూసేవాళ్లెవరు?

ఈ వారం ఉత్తరం బాగా పెద్దది, కుదించి చెబుతాను. రాసినాయనకి నలభై దాటాయి. భార్య, పదేళ్ల కూతురు ఉన్నారు. రెండేళ్ల కిందట వాళ్లమ్మ పోయారు. ఆ తర్వాత నిద్ర పట్టక అవస్థ పడుతుంటే స్నేహితుడొకరు ఫోన్‌లో ధ్యానం యాప్ వేసిచ్చారు. రోజుకి పది నిమిషాలతో మొదలైంది. నిద్ర పట్టింది, ఆఫీసులో చిరాకు తగ్గింది. ఇదేదో బాగుందే అనుకుని ఈ పద్ధతులన్నీ ఎవరు చెప్పారో వెతుక్కుంటూ వెళ్లారు. విపస్సనా గురువు గోయెంకా ప్రసంగాలు విన్నారు, వియత్నాం భిక్షువు తిచ్ నాట్ హాన్ పుస్తకాలు చదివారు, అమెరికాలో రోగులకి ధ్యానం నేర్పిన జాన్ కబాట్-జిన్ బాడీ స్కాన్ ఆడియో (ఒంట్లో ఒక్కో భాగం మీద వరసగా దృష్టి పెట్టించేది) పెట్టుకుని పడుకున్నారు, బర్మా భిక్షువు మహాసి సయాడో పద్ధతిలో పొట్ట కదలికని 'ఉబ్బుతోంది, తగ్గుతోంది' అని గుర్తించడం నేర్చుకున్నారు, మనసు బాగాలేని రోజుల్లో అమెరికా బౌద్ధ సన్యాసిని పెమా చోద్రన్‌ని చదివారు. ఇప్పుడు పొద్దున ఐదింటికి ఒక గంట, రాత్రి ఒక గంట కూర్చుంటున్నారు.

ఆరు నెలల కిందట ఒక చిన్న బృందం నడిపే వారం రోజుల మౌన శిబిరానికి వెళ్లారు. వారంలో సగం గడిచేసరికి, ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఊపిరి పట్టేసినట్టు ఉండటం, గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది. ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు. ఒక రాత్రి ధ్యానం ముగించి కళ్లు తెరిస్తే ఒళ్లో ఉన్న చేతులు తనవి కావనిపించింది. "వేళ్లు కదిపాను, కదిలాయి, కానీ ఎవరో కదుపుతుంటే నేను చూస్తున్నట్టుంది" అని రాశారు. అరగంట అలాగే ఉందట. ఆ తర్వాత ఇంకో రెండుమూడు సార్లు వచ్చింది. శిబిరం నడిపినాయనకి మెసేజ్ పెడితే "మంచి లక్షణమే, లోపలి మలినాలు బయటికొస్తున్నాయి, ఆపకుండా కూర్చోండి" అని జవాబొచ్చింది. ఇంకో రెండు నెలల్లో అదే బృందం నెల రోజుల శిబిరం పెడుతోంది. ఈయన పేరిచ్చేశారు, ఆఫీసులో సెలవు కూడా అడిగేశారు.

ఇంట్లో గొడవ వేరే. ఒక రోజు భార్య ఏదో విషయంలో గట్టిగా అరిస్తే ఈయన నెమ్మదిగా "నీ కోపాన్ని నేను గమనిస్తున్నాను" అన్నారట. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "మీతో మాట్లాడుతుంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినట్టుంది" అని లేచి వెళ్లిపోయారు. నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఈయన ప్రశ్నలు మూడు. ఒకరు కదలొద్దంటారు, ఒకరు చిరునవ్వుతో నడవమంటారు, ఒకరు ప్రతిదానికీ పేరు పెట్టమంటారు, ఇంకొకరు పేర్లొద్దు, ఒంట్లో తెలిసే స్పర్శల్ని మాత్రమే చూడమంటారు, వీళ్లలో ఎవరిది సరైన దారి? నెల రోజుల శిబిరానికి వెళ్లాలా మానాలా? మా ఆవిడ అన్నది నిజమేనా, అమ్మ పోయాక ఇన్నాళ్లూ నేను ఏడవలేదు, దాన్ని ధ్యానం ఇచ్చిన బలం అనుకున్నాను, నేను రాయినైపోతున్నానా? ఇవన్నీ అయ్యాక, ఉత్తరం ముగించే ముందు, ఒకే ఒక్క వాక్యం: "ఇరవైల్లో కొన్నాళ్లు పానిక్ అటాక్స్ వచ్చేవి, మందులు వాడాను, శిబిరం ఫారంలో రాయలేదు, అది ఇక్కడ అవసరం లేదనుకోండి."

అవసరమేనండీ. అక్కడి నుంచే మొదలుపెడతాను.

పానిక్ అటాక్ వచ్చినవాళ్లకి ఊపిరి అనేది మామూలు విషయం కాదు. అప్పట్లో మీకు అటాక్ వచ్చినప్పుడు ముందుగా తేడా చేసింది ఊపిరే అయ్యుంటుంది, ఇప్పుడు మీరు రోజుకి రెండు గంటలు కూర్చుని దాన్నే నిశితంగా చూస్తున్నారు. కొంచెం బిగుసుకోగానే ఒంటికి పాత భయం గుర్తొస్తుంది, భయంతో ఇంకా బిగుసుకుంటుంది, మీరేమో "గమనించాలి, కదలకూడదు" అని ఇంకా దగ్గరగా చూస్తారు. ఇందులో మీ చేతకానితనం ఏమీ లేదు, సాధనలో లోపం అని కూడా నేననను. ఎంచుకున్న విషయమే మీకు సరిపడేది కాదు, అంతే. చేతులు తనవి కావనిపించడం కూడా కొత్త సంగతేం కాదు, డాక్టర్లు దాన్ని డీపర్సనలైజేషన్ అంటారు, విపరీతమైన ఆందోళనలోనూ, నిద్ర లేనప్పుడూ, కొందరికి ఎక్కువసేపు ధ్యానం చేసినప్పుడూ వస్తుంది. ఒకసారి వచ్చి పోతే కంగారు పడక్కర్లేదు గానీ, మీకు మళ్లీ మళ్లీ వస్తోంది, వెనకాల పానిక్ చరిత్ర ఉంది. కాబట్టి ఒకసారి సైకియాట్రిస్ట్‌ని కలవండి. ఆ గుండె దడకి ఒంట్లో వేరే కారణం ఏమైనా ఉందేమో కూడా చూపించుకోండి. ఇది నెల రోజుల శిబిరం తర్వాత చేసే పని కాదు, ఈ వారంలోనే చెయ్యాలి. వరసగా కొన్ని రాత్రులు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, లేనివి వినిపించినా కనిపించినా వారం కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. వెళ్లినప్పుడు రోజుకి రెండు గంటలు ధ్యానం చేస్తున్న సంగతి కూడా చెప్పండి. చాలామంది చెప్పరు, అదేదో మంచి అలవాటు, జబ్బుకీ దానికీ సంబంధం ఏంటని వదిలేస్తారు.

అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో విలోబీ బ్రిటన్, జారెడ్ లిండాల్ అని ఇద్దరు పరిశోధకులు సరిగ్గా మీలాంటి అనుభవాల మీదే పనిచేశారు. బౌద్ధ ధ్యానం చేస్తూ ఇబ్బందుల్లో పడిన సాధకుల్ని, వాళ్లకి నేర్పే గురువుల్ని కూర్చోబెట్టి వివరంగా అడిగి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో 59 రకాల అనుభవాలు తేలాయి. భయం, నిద్ర పట్టకపోవడం, నేను నేను కాదన్న భావన, మనుషుల మీద మమకారం తగ్గిపోవడం, అన్నీ ఉన్నాయి. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్లకీ వచ్చాయి, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకీ వచ్చాయి. నాకు అందులో ముఖ్యంగా తోచింది వేరే. ఒకే అనుభవాన్ని ఒక గురువు "ప్రగతి" అన్నాడు, ఇంకో గురువు "డాక్టర్‌కి చూపించు" అన్నాడు. అంటే ఆ అనుభవం మీద ఏ ముద్రా ఉండదు, ఎవరికి వస్తోంది, ఏ పరిస్థితిలో వస్తోంది, వచ్చాక ఆ మనిషి బతుకు బాగుపడుతోందా పాడవుతోందా అన్నది చూసి చెప్పాల్సిందే. మీకు మెసేజ్ పెట్టినాయన ఇవేవీ అడగలేదు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను, ఫారంలో మీరు రాయలేదు కదా. కానీ ఫారం ఖాళీగా ఉన్నా, చేతులు తనవి కావంటున్న మనిషిని పట్టుకుని "ఇంతకుముందు ఇలాంటివి ఏమైనా ఉన్నాయా" అని ఒక్క మాట అడగాలనిపించకపోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఎవరిది సరైన దారి అని. నా మాట నమ్మండి, మీరు అనుకున్నంత తగాదా వాళ్ల మధ్య లేదు. కబాట్-జిన్ మొదటి పుస్తకం 1990లో వచ్చింది, దానికి ముందుమాట రాసింది తిచ్ నాట్ హానే. షారన్ సాల్జ్‌బర్గ్ అని అమెరికా గురువు ఒకావిడ ఉన్నారు, ఆవిడ 1971లో బోధ్‌గయలో మొదటిసారి ధ్యానానికి కూర్చున్నది గోయెంకా శిబిరంలో. తర్వాత మహాసి సంప్రదాయంలోని దీపా మా అనే గురువు దగ్గర నేర్చుకుని, జోసెఫ్ గోల్డ్‌స్టీన్, జాక్ కోర్న్‌ఫీల్డ్‌లతో కలిసి మసాచుసెట్స్‌లోని బారీలో ధ్యాన కేంద్రం పెట్టారు. కోర్న్‌ఫీల్డ్ థాయిలాండ్‌లో అజాన్ చా దగ్గర భిక్షువుగా ఉన్నారు, బర్మాలో మహాసి పద్ధతి చేశారు, తిరిగొచ్చాక క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేశారు. ధ్యానం ఒక్కటే అన్నిటినీ నయం చెయ్యదు, కొన్ని గాయాలకి సైకోథెరపీ కావాలి అని ఆయన దశాబ్దాలుగా చెబుతున్నారు. వీళ్లూ మీలాగే ఒకటికి నాలుగు పద్ధతులు చూశారు. అయితే ఒక్కో గురువు ముందు నెలల తరబడి కూర్చుని, ఆయన మొహం చూసి, ఆయన చేత చీవాట్లు తిని చూశారు. మీరు ఐదుగురినీ ఒకే వారంలో, అదీ చాలావరకు ఇయర్‌ఫోన్స్‌లో విన్నారు.

ఆ తేడా చిన్నదేం కాదు. గోయెంకా సంగతే తీసుకోండి. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టారు, పెద్ద వ్యాపార కుటుంబం, భరించలేని మైగ్రేన్, నొప్పికి మార్ఫిన్ దాకా వెళ్లింది. 1955లో సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్తే ఆయన వెంటనే చేర్చుకోలేదు, తలనొప్పి తగ్గించుకోవడానికైతే ఇక్కడికి రావద్దన్నారు. ఊ బా ఖిన్ సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా చేసినాయన, నువ్వెందుకొచ్చావు అని ముందు అడగడం ఆయనకి తెలుసు. గోయెంకా 1969లో భారతదేశం వచ్చి పది రోజుల శిబిరాలు మొదలుపెట్టారు, మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో 1976లో కేంద్రం వచ్చింది, ఆయన 2013లో పోయారు. ఆ శిబిరాల్లో ఇతర పద్ధతులు కలపొద్దని అంటారు. అది విని మీరు భయపడ్డారు, ఇన్నాళ్లూ కలిపేశాను, పాడైపోయానా అని. ఆ నియమం వెనకాల ఉన్న ఉద్దేశం సులువైనదే, పది రోజులు ఇచ్చావు కాబట్టి ఈ పది రోజులు దీన్నే పూర్తిగా చేసి చూడు అని. వేరే పద్ధతి చేస్తే మనసు చెడిపోతుందన్న శాపమేమీ అందులో లేదు.

మిగిలినవాళ్లు చెప్పేవి కూడా ఎవరికోసం పుట్టాయో చూస్తే వైరుధ్యం సగం కరిగిపోతుంది. మహాసి సయాడో పద్ధతిలో తీవ్ర సాధన చేసేవాళ్లు తరచుగా, చాలా చోట్ల రోజూ, గురువు దగ్గరికెళ్లి ఏం గమనించారో చెప్పాలి, ఆయన విని సరిచేస్తారు, ఆ రిపోర్టు లేకుండా 'ఉబ్బుతోంది, తగ్గుతోంది' ఒక్కటే తెచ్చుకుంటే సగమే తెచ్చుకున్నట్టు. తిచ్ నాట్ హాన్ యుద్ధం మధ్యలో పనిచేసిన వియత్నాం భిక్షువు. చుట్టూ బాంబులు పడుతుంటే గాయపడ్డవాళ్ల మధ్య తిరగాల్సిన యువకులకి గంటలు గంటలు కళ్లు మూసుకుని కూర్చోమని చెప్పలేడు, అందుకే నడకలో, గిన్నెలు కడగడంలో, గంట మోగగానే ఆగి ఊపిరి తీసుకోవడంలో ధ్యానాన్ని పెట్టాడు. కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో ఇప్పుడు ఎనిమిది వారాల పాటు సాగే కోర్సు పెట్టింది, మందులతో తగ్గని నొప్పులతో బతకాల్సినవాళ్ల కోసం. అందులో చేరేముందు మనిషితో మాట్లాడి, ఇది ఇప్పుడు ఇతనికి సరిపడుతుందా అని చూసేవాళ్లు. గమనించారా, ప్రతి చోటా ఎవరో ఒకరు ఎదురుగా ఉన్నారు. యాప్‌లోకి వచ్చేసరికి ఆ మనిషి ఎగిరిపోయి సూచన ఒక్కటే మిగిలింది. మీకు వాళ్ల గొంతు వినిపిస్తోంది గానీ వాళ్లకి మీరు కనిపించడం లేదు. "లేచి నడవండి, కళ్లు తెరవండి, ఇవాళ్టికి చాలు" అని చెప్పాల్సిన క్షణంలో ఆడియో "మళ్లీ మెల్లగా ఊపిరి దగ్గరికి రండి" అంటుంది.

పద్ధతి మార్చడం ఓడిపోవడం అనుకుంటున్నారు కదా, దానికి బౌద్ధుల పాళీ గ్రంథాల్లోనే జవాబుంది. బుద్ధుడి ప్రవచనాల సంపుటం సంయుక్త నికాయంలో వేసాలి (వైశాలి) కథ ఒకటి. బుద్ధుడు భిక్షువులకి శరీరంలోని అశుభాన్ని భావించే ధ్యానం చెప్పి పదిహేను రోజులు ఏకాంతంలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సంఘం పలచబడి కనిపించింది, ఏమైందని అడిగాడు. ఒంటి మీద రోత పెరిగి కొందరు ప్రాణాలు తీసుకున్నారని శిష్యుడు ఆనందుడు చెప్పి, ఇంకో పద్ధతి ఏదైనా చెప్పమని అడిగాడు. అప్పుడు బుద్ధుడు వాళ్లందర్నీ సమావేశపరిచి ఆనాపానసతి, అంటే శ్వాస మీద ఎరుక, నేర్పాడు. చదవడానికి కష్టంగా ఉండే కథ, ప్రవచనాల్లో దీన్ని ఎక్కువగా చెప్పరు. కానీ అందులో "మంచి లక్షణమే, ఆపకుండా కూర్చోండి" అన్న మాట ఎక్కడా లేదు. ఆ భిక్షువులకి శ్వాస మందైంది, మీకు శ్వాసే ఇబ్బంది పెడుతోంది, కాబట్టి మీకు ఇంకోటి కావాలి, ఇందులో ధర్మద్రోహం ఏముంది?

సరే, మీ ముందున్న దారులు.

నెల రోజుల శిబిరానికి వెళ్లొచ్చు. కొందరికి గురువు పక్కనే ఉండటం, రోజూ మాట్లాడే వీలుండటం వల్ల ఇలాంటివి సర్దుకుంటాయి, అది నిజం. కానీ అక్కడ మీ రెండు గంటలు కాస్తా పది గంటలవుతాయి, ఫోన్ ఉండదు, భార్య ఉండదు, మధ్యలో లేచి వచ్చేయాలంటే నలుగురి ముందు సిగ్గు. వారంలో సగానికే మీకు దడ మొదలైంది, నెల మాటేమిటో మీరే ఊహించుకోండి. వెళ్లాలనే ఉంటే డాక్టర్ సరేనన్నాక, ఫారంలో పానిక్ సంగతి రాసి, చేతుల సంగతి రాసి, అది చదివాక కూడా వాళ్లు రమ్మంటే, మధ్యలో ఆపేసే వీలుంటుందని ముందే మాట తీసుకుని వెళ్లండి. రాస్తే రానివ్వరేమో అన్న భయంతో దాచిపెట్టి వెళ్లడం మాత్రం నాకు అస్సలు సమ్మతం కాదు. రానివ్వకపోతే అది మీ మంచికే.

పూర్తిగా ఆపేయొచ్చు, ఒకట్రెండు నెలలు. రెండేళ్ల కష్టం పోతుందని మీకు బెంగ. ఏమీ పోదు. పోయేదే అయితే, నిలబెట్టుకోవడానికి రోజూ ఇంత భయపడాల్సినదాన్ని పట్టుకుని ఏం లాభం? ఆపితే ఇంకోటి జరగొచ్చు, దానికి మాత్రం సిద్ధపడండి, ఆ రెండు గంటల ఖాళీలోకి మీ అమ్మగారు రావొచ్చు. ఇన్నాళ్లూ రానివ్వలేదేమో అని నా అనుమానం. ఏడుపొస్తే ఏడవండి, దాన్ని గమనించే పని ఆ పూటకి పెట్టుకోకండి.

మూడోది, పద్ధతి మార్చి, బాగా తగ్గించి కొనసాగించడం. నన్నడిగితే, డాక్టర్ అభ్యంతరం చెప్పకపోతే, నేను ఎక్కువ మొగ్గేది ఇటువైపు. గంటని పదిహేను నిమిషాలు చేయండి. కళ్లు తెరిచే ఉంచండి. ఊపిరి జోలికి వెళ్లకుండా అరికాళ్లు నేలకి తగిలే చోటుని చూడండి, లేదా చుట్టూ వినపడే చప్పుళ్లని. అన్నిటికన్నా నడక మేలు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి, మడమ ఆనింది, పాదం ఆనింది, వేళ్లు లేచాయి, అంత మాత్రం. మళ్లీ దడ మొదలైతే కూర్చుని భరించే పందెం వద్దు, లేచి మొహం కడుక్కుని ఇంట్లో ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడండి. పడుకునే ముందు బాడీ స్కాన్ కూడా కొన్నాళ్లు వద్దు, ఒంటి మీద ఆ పరాయి భావన రాత్రిపూటే వస్తోందన్నారు కాబట్టి. ఇందులో నష్టం ఏంటంటే, కొన్ని రోజులు మీకు ఇది సాధనలాగే అనిపించదు. చిన్నతరగతికి పంపేసినట్టుంటుంది. ఆ అవమానం కొంచెం మింగాలి.

ఏ దారిలో వెళ్లినా ఒక్క మనిషి కావాలి, మీతో మాట్లాడే మనిషి. శిక్షణ పొందినవాళ్లు నడిపే ఎనిమిది వారాల కోర్సు అయినా సరే, ఏ సంప్రదాయంలోని గురువైనా సరే. వాళ్లని ఎలా పోల్చుకోవాలని అడుగుతారేమో. నేను చూసేది ఒకటే, "నాకిది పడటం లేదు" అని చెప్పినప్పుడు వాళ్లేమంటారు అని. వివరం అడిగితే మంచివాళ్లు. ప్రతిదానికీ, బాగుంటే పద్ధతి గొప్ప, బాగాలేకపోతే నీ లోపం అని జవాబు తయారుగా ఉంటే జాగ్రత్త. కాషాయం, పుస్తకాల అమ్మకాలు, గొంతులో ప్రశాంతత, ఇవి చూసి ఏమీ తేల్చలేం. పెద్ద పేరున్న గురువులు శిష్యుల నమ్మకాన్ని వమ్ముచేసిన ఉదంతాలు బౌద్ధ ప్రపంచంలోనూ ఉన్నాయి. మీరు ఇష్టంగా చదివే పెమా చోద్రన్ ఎనభైల వయసులో, 2020లో, తన సొంత సంస్థ నాయకత్వం తీరు నచ్చక అక్కడి ఆచార్య హోదా వదులుకున్నారు. బతుకంతా ఆ పరంపరలో గడిపినావిడ కాదని చెప్పగలిగినప్పుడు, ఆరు నెలల పరిచయం ఉన్న బృందానికి మీరు "ఈసారికి రాలేను" అని చెప్పలేరా?

ఇక మీ ఆవిడ మాట. కస్టమర్ కేర్ అన్నది కోపంలో అన్నా, గురి తప్పలేదు. మీరన్న వాక్యం ఇంకోసారి చదవండి, "నీ కోపాన్ని నేను గమనిస్తున్నాను". ఎవరి కోపాన్ని? ధ్యానంలో చెప్పే ఎరుక (పాళీలో సతి) ఎదుటివాళ్ల మీద పెట్టే కెమెరా కాదండీ. ఆ క్షణంలో మీకు గుండెల్లో ఏమైందో, పారిపోవాలనిపించిందో తిరిగి అరవాలనిపించిందో, అది మీరు చూసుకోవాల్సింది. దాన్ని చూడకుండా తప్పించుకోవడానికి ఆవిడ మీద ఆ వాక్యం వేశారు. ఐదో శతాబ్దంలో విసుద్ధిమగ్గం అనే బౌద్ధ సాధన గ్రంథం రాసిన బుద్ధఘోషుడు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటిలో ఒక్కోదానికీ ఒక దూరపు శత్రువు, ఒక దగ్గరి శత్రువు ఉంటాయన్నాడు. ఉపేక్షకి, అంటే సమభావానికి, దగ్గరి శత్రువు ఉదాసీనత, ఏమీ పట్టనితనం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపలున్నవాడికే తేడా తెలీకపోవచ్చు, ఇంట్లో పక్కనున్నవాళ్లకి మాత్రం ముందే తెలుస్తుంది. అందుకే మీ విషయంలో మీ ఆవిడ రిపోర్టుకి నేను చాలా విలువిస్తాను.

నిశ్చలంగా ఉండటం అంటే ఆరిపోవడం అనుకునేవాళ్లకి నేను దీపా మా గురించి చెబుతుంటాను. నానీ బాలా బారువా ఆవిడ అసలు పేరు, 1911లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టారు, పెళ్లయ్యాక బర్మా వెళ్లారు. ఇద్దరు పిల్లలు పోయారు, తర్వాత భర్త పోయారు, గుండె జబ్బు, మంచం పట్టారు, మిగిలింది దీపా అనే ఒక్క కూతురు. ఆ స్థితిలో ధ్యానానికి వెళ్లారు. తర్వాత కలకత్తాలో చిన్న వాటాలో ఉంటూ, ఇల్లు విడిచి రాలేని ఆడవాళ్లకి వాళ్ల ఇంటిపనుల మధ్యే సాధన నేర్పారు. దేశదేశాల నుంచి శిష్యులు ఆ వాటా మెట్లెక్కి వచ్చారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఏకాగ్రత గురించి చెబుతారు గానీ, అంతకంటే ఎక్కువగా చెప్పేది, ఆవిడ తలమీద చెయ్యి వేసి నిమిరేవారని, దగ్గరికి తీసుకునేవారని. అంత దుఃఖం చూసి, అంత సాధన చేశాక ఆవిడలో పెరిగింది వెచ్చదనం. మీ ఇంట్లో మీ పదేళ్ల కూతురు మీ గురించి ఏం చెబుతుందో, అడగకుండానే మీకు కొంత తెలిసే ఉంటుంది.

మీరు రాయినైపోయారని నేననను. రాయినైపోయానా అని రాయి ఉత్తరం రాయదు. మీరు తట్టుకోలేనిదేదో వచ్చినప్పుడు ధ్యానం పక్కన దొరికింది, దాన్ని అడ్డం పెట్టుకున్నారు, మొదట్లో అది కాపాడింది కూడా. ఇప్పుడు అడ్డం తీయాల్సి వచ్చింది. తిచ్ నాట్ హాన్ భార్యాభర్తల కోసం నాలుగు మాటలు చెప్పేవారు, మీరు వినే ఉంటారు. నీకోసం నేనిక్కడున్నాను; నువ్వున్నావని నాకు తెలుసు, అది నాకు సంతోషం; నువ్వు బాధపడుతున్నావని తెలుసు, అందుకే ఇక్కడున్నాను. మొదటి మూడూ అనడం సులువు. నాలుగోది కష్టం, ముఖ్యంగా మగవాళ్లకి: నేను బాధలో ఉన్నాను, నాకు సాయం చెయ్యి. ఆ చేతుల సంగతి మీరు శిబిరం నడిపినాయనకి చెప్పారు, నాకు రాశారు. ఆవిడకి చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. గమనిస్తున్నాను, స్వీకరిస్తున్నాను లాంటి మాటలన్నీ పక్కనపెట్టి, భయమేస్తోంది అని మామూలు మాటల్లో చెప్పండి. డాక్టర్ దగ్గరికి ఆవిడని కూడా రమ్మనండి.

సెలవు రద్దు చేసుకోవాలా అంటారు, వద్దు. అందులో ఒక వారం ఉంచుకుని ఇంట్లో ఉండండి. శిబిరం నడిపినాయనకి ఇవాళో రేపో ఒక మెయిల్ పెట్టండి, ఫారంలో వదిలేసిన సంగతి, ఇంటికొచ్చాక జరిగిన సంగతి, డాక్టర్‌ని కలవబోతున్న సంగతి, మూడూ రాసి, ఈసారికి నా పేరు తీసేయండి అనండి. ఆయన దానికి జవాబుగా మిమ్మల్ని ఏమైనా అడుగుతారో, మళ్లీ అదే వాక్యం పంపుతారో చూడండి. ఏం రాశారో వీలైతే నాకూ తెలియజేయండి.